ఫుర్ఖాన్ రాసిన ‘ఆగు’

బోధన్‌లో బస్టాండు ఎదురు సందులో ఒక చిన్న ఇంటర్నెట్ సెంటర్ ఉంది. మా చుట్టం ఒకాయన అక్కడ పనిపడి వెళ్ళొచ్చి నాకు చెప్పాడు. దరఖాస్తులు నింపించుకోవడానికి జనం బయట బారులు తీరి ఉన్నా, ఆ సెంటర్ నడిపే మనిషి ఒక్కొక్క అక్షరం చేత్తోనే కొడతాడట. అంతా అయ్యాక వచ్చినవాళ్ళని తన కుర్చీలో కూర్చోబెట్టి, "సూస్కో. నీ పేరేనా? నీ ఫోటోనేనా? అయితే నువ్వే నొక్కు" అంటాడట. "ఎంత చాదస్తమో చెప్పలేను. ఆయనకి కంప్యూటర్ సరిగ్గా రాదనుకుంటా" అని నవ్వాడు మా చుట్టం.

నాకు ఒళ్ళు మండిపోయింది. కంప్యూటర్ రాదా! మనిషి చెయ్యి తగలకుండా కంప్యూటర్ తనంతట తానే దరఖాస్తులు నింపేలా చేసినవాడయ్యా ఆయన! ఆ ముక్క చెబుదామని నోరు తెరిచి కూడా, మొదలుపెడితే అంతా చెప్పాల్సి వస్తుందని ఊరుకున్నాను. ఇప్పుడు చెబుతున్నాను.

ఆయన పేరు ఫుర్ఖాన్, సొంతూరు బోధనే. నా పేరు విజయరాణి, మాది రాజోలు దగ్గర పల్లెటూరు. బహ్రెయిన్‌లో, మనామా బజారు పక్కన ఒక ఆఫీసులో మేమిద్దరం పక్కపక్క కుర్చీల్లో పనిచేశాం. బిల్డింగులు కట్టే కంపెనీల తరఫున వాళ్ళ కూలీల వీసాలు పొడిగించడం, వద్దనుకున్నవాళ్ళవి రద్దు చేయించడం ఆ ఆఫీసు పని. యజమాని అక్కడివాడే, అబూ ఖాలిద్. మా ఇద్దరికీ కఫీల్ ఆయనే. కఫీల్ అంటే మనల్ని ఆ దేశానికి తెప్పించుకున్న దొర. మన పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉంటుంది. ఆయన సంతకం పెడితే ఉద్యోగం, ఆయన సంతకం పెడితే సెలవు, ఆయన సంతకం పెడితేనే పెళ్ళాన్ని తెచ్చుకోవడం.

ఫుర్ఖాన్‌కి కావలసింది ఆ చివరి సంతకం. ఇంకేమీ అక్కర్లేదు ఆ పిచ్చివాడికి. పెళ్ళయిన నెలకే విమానం ఎక్కి వచ్చేశాడు. మధ్యలో ఒక్కసారి సెలవు దొరికింది. ఆ సెలవు తరవాత అతని భార్య మదీహాకి కడుపొచ్చి, నిలబడలేదు. ఆ వార్త అతనికి ఆఫీసులో ఉండగానే ఫోన్లో తెలిసింది. ఆమె ఏడుస్తూనే ఉంది, ఇతను వింటూనే ఉన్నాడు, ఫోన్ కార్డులో డబ్బులు అయిపోయి లైను కట్టయింది. మళ్ళీ కార్డు కొనుక్కురావడానికి కింది కొట్టుకు పరుగెత్తాడు. తిరిగి వచ్చేసరికి అటువైపు ఎవరూ ఎత్తలేదు. ఆ రోజునుంచి అతని నోట ఒకటే మాట. "ఈసారి మదీహాను ఈడికే తెస్త అక్కా. గిట్ల ఫోన్ల సంసారం నాతోని గాదు."

మదీహా సముద్రం ఎన్నడూ చూడలేదట. జల్లాఖ్ ఒడ్డున సాయంత్రం పూట నడిపిస్తానని మాటిచ్చాడు. ఆమెకు సముద్రం అంటే భయమంట, కానీ నువ్వు పక్కనుంటే చూస్తానందంట. ఇవన్నీ నాకెందుకు చెప్పేవాడంటే, చెప్పుకోవడానికి వేరే మనిషి లేక. అతను ఉండే గదిలో ఉన్నవాళ్ళంతా ఊళ్ళో పెళ్ళాలను వదిలి వచ్చినవాళ్ళే. వాళ్ళ దగ్గర ఈ మాటలంటే ఎగతాళి చేస్తారు.

ఇక అతని ప్రోగ్రాం సంగతి. మా ఆఫీసు పని, నిజం చెప్పాలంటే, మనిషి జన్మ ఎత్తినవాళ్ళు చేసేది కాదు. ప్రభుత్వ వెబ్‌సైట్ తెరవడం, కూలీ పేరు, పాస్‌పోర్టు నంబరు, కంపెనీ నంబరు కొట్టడం, ఫోటో ఎక్కించడం, నొక్కడం. మళ్ళీ తెరవడం, మళ్ళీ కొట్టడం. సాయంత్రానికి మెడ పట్టేసేది, కళ్ళు మండేవి. 2007లో ఒకరోజు ఫుర్ఖాన్ "అక్కా, నువ్వు చెయ్యి పక్కకు తియ్యి" అన్నాడు. తీశాను. నా కంప్యూటర్‌లో ఇంటర్నెట్ చూసే ఎక్స్‌ప్లోరర్ దానంతట అదే తెరుచుకుంది. పేజీలు మారాయి, పేర్లు పడ్డాయి, ఫోటోలు ఎక్కాయి. నేను కుర్చీ వెనక్కి జరిపి "ఓరి దేవుడో" అన్నాను. నిజామాబాద్‌లో డిగ్రీ చదివేటప్పుడు నేర్చుకున్నదానికి ఇక్కడ సొంతంగా ఇంకొంత కలిపి, గదిలో మంచం మీద కూర్చుని రాశాడట దాన్ని.

కాకపోతే అది నా కంప్యూటర్‌లో తప్ప ఇంకెక్కడా నడవదు. తెరమీద ఫలానా చోట నొక్కు, ఫలానా చోట రాయి అని గుడ్డిగా చెప్పి పెట్టాడు మరి. నేను ఊరుకోకుండా మధ్యలో తెరమీద ఇంకో కిటికీ తెరిచానా, అది దాంట్లో రాసేసేది. ఒకసారి మా ఆయన సోమరాజుకి "వంకాయలు తెండి" అని మెసేజ్ రాస్తున్నాను, దాని మధ్యలో ఎవరో తాపీమేస్త్రీ పాస్‌పోర్టు నంబరు పడి వెళ్ళిపోయింది. ఆయన కంగారుపడి ఫోన్ చేశాడు, ఏం కొంపలంటుకున్నాయోనని. మేమిద్దరం పడీ పడీ నవ్వాం. నవ్వుకున్న రోజులు కూడా ఉన్నాయి లెండి.

ఆ ప్రోగ్రాంలో ఒక ముక్కకు ఫుర్ఖాన్ తెలుగులో పేరు పెట్టాడు. ‘ఆగు’ అని. అదెందుకో చెప్పాలంటే మా ఆఫీసులో జరిగే ఒక పాపిష్టి పని గురించి చెప్పాలి.

ఒక కంపెనీకి ఒక కూలీ అక్కర్లేదనుకోండి. మొహం మీద పొమ్మంటే గొడవ. పాత బాకీ ఇమ్మంటాడు, వేరే చోట చేరతానంటాడు, లేబర్ కోర్టుకు ఎక్కుతాడు. అందుకని ఏం చేస్తారంటే, నవ్వుతూ సెలవిస్తారు. "ఇంటికి వెళ్ళి పిల్లల్ని చూసిరా" అని భుజం తడతారు. వాడు సంబరంగా పెట్టె కట్టుకుని విమానం ఎక్కుతాడు. వాడు ఊళ్ళో దిగాక ఇక్కడ వీసా రద్దు చేయిస్తారు. వాడు తిరిగి రాలేడు, అడగలేడు, అరవలేడు. గల్ఫులో పాత అలవాటే ఇది. ఆ రద్దు దరఖాస్తులు నింపేది మా చేతులే.

ఫుర్ఖాన్ దాన్ని సహించలేకపోయేవాడు. ప్రోగ్రాం రాసేటప్పుడు రద్దు దగ్గరికి వచ్చేసరికి నిలబడిపోయేటట్టు పెట్టాడు. తెరమీద ఆ మనిషి ఫోటో పెద్దదిగా కనిపిస్తుంది, కింద ఒక మీట. మనిషి చూసి, నొక్కితేనే ముందుకు పోతుంది. "పొడిగింపు అయితే మిషిన్ జెయ్యని అక్కా. మనిషి పొట్ట గొట్టేది మాత్రం మనిషే జెయ్యాలె, మొఖం జూసి జెయ్యాలె" అన్నాడు. అదే ఆ ‘ఆగు’.

అది ఒక మనిషిని నిలబెట్టింది కూడా. ముత్యం అని జగిత్యాల వైపు మేస్త్రీ. కర్జకాన్ దగ్గర క్యాంపులో ఉండేవాడు, మా ఆఫీసుకు కాగితాల పని మీద వస్తే నేను టీ ఇచ్చేదాన్ని. ఒక మధ్యాహ్నం ప్రోగ్రాం ఆగింది. తెరమీద ముత్యం మొహం. సెలవు మీద వెళ్ళగానే రద్దు చేయమని కంపెనీ ముందే పంపించింది. నేను నొక్కలేదు. ఫోన్ తీసి చేశాను.

"అక్కా, పెట్టె గట్టిన. ఇంటికి సుత ఫోన్ జేసిన, ఎల్లుండే ఇమానం" అన్నాడు ముత్యం ఉత్సాహంగా.

"పెట్టె విప్పు ముత్యం. సెలవు వద్దని చెప్పు. నన్ను ఎందుకని అడగొద్దు" అన్నాను.

అడగలేదు. వెర్రివాడేం కాదు. ఒంట్లో బాగాలేదని సెలవు మానుకున్నాడు, ఆనక రావలసినవి రాబట్టుకుని వేరే కంపెనీకి మారాడు. పండుగకు ఫుర్ఖాన్‌కి కొత్త చొక్కా కొనిచ్చాడు. ఇలా కొద్దిమందినే ఆపగలిగాం, ఎవరైనా తెలిసినవాళ్ళయితేనే. తెలియనివాళ్ళ మొహం చూసి నిట్టూర్చి నొక్కేదాన్ని. అయినా చూసి నొక్కడానికీ, చూడకుండా పోవడానికీ తేడా ఉంది. నేను ఇప్పటికీ ఆ మాటే అంటాను.

మరుసటి ఏడు అబూ ఖాలిద్ ముహర్రక్‌లో ఒకటి, రిఫాలో ఒకటి ఆఫీసులు తెరిచాడు. ప్రోగ్రాం అక్కడ కూడా నడవాలన్నాడు. అక్కడ పెడితే ఏముంది, తలకిందులే. ముహర్రక్ కంప్యూటర్లు అరబ్బీవి, పేజీ కుడినుంచి ఎడమకి తెరుచుకుంటుంది, ప్రోగ్రాం వెళ్ళి ఖాళీ జాగాలో టకటకా నొక్కుకుంటూ కూర్చునేది. రిఫాలో ఎక్స్‌ప్లోరర్ కాకుండా ఫైర్‌ఫాక్స్ వాడతారు, అక్కడ అసలు తెరుచుకోనే లేదు. ఫుర్ఖాన్ మొదట ఒక్కొక్క చోటికి ఒక్కొక్క నకలు చేసి ఇచ్చాడు. వెబ్‌సైట్‌లో ఏదో ఒక గడి మారితే అన్ని నకళ్ళనూ మార్చుకుంటూ రావాలి. ఒకటి మారుస్తాడు, ఇంకోటి మరిచిపోతాడు. నా బుర్ర తినేసేవాడు.

చివరికి అంతా విప్పి మళ్ళీ కడతానన్నాడు. ఎలాగంటే నాకర్థమయ్యేలా చెప్పాడు. "అక్కా, వంట జెప్పేటోడు 'కూర ఉడకబెట్టు' అనాలె. 'గ్యాస్ తిప్పు' అనొద్దు. కట్టెల పొయ్యి ఉన్నింట్ల ఏం తిప్పుతరు? నేను ఇన్నొద్దులు గ్యాస్ తిప్పు, గ్యాస్ తిప్పు అని రాసిన." ప్రోగ్రాంని రెండు ముక్కలు చేశాడు. ఒక ముక్క ఏం చేయాలో మాత్రమే చెబుతుంది: పేజీ తెరువు, పేరు రాయి, ఫోటో ఎక్కించు, నొక్కు, ఆగు. రెండో ముక్కలో ఒక్కొక్క కంప్యూటర్‌కి ఒక్కొక్క వంటమనిషి. ఎక్స్‌ప్లోరర్‌కి ఒకడు, ఫైర్‌ఫాక్స్‌కి ఒకడు, అరబ్బీ దానికి ఒకడు. మొదటి ముక్క ఏ మాట అన్నా, తన పొయ్యిమీద దాన్ని ఎలా చేయాలో ప్రతి వంటమనిషికీ తెలిసి ఉండాలి. ఒక్క మాటకు జవాబు లేకపోయినా వంట మొత్తం నిలిచిపోతుంది.

నెలలు పట్టింది. ఆఫీసు పని అయ్యాక కూర్చునేవాడు, శుక్రవారాలు సెలవైనా వచ్చేవాడు. సన్నబడిపోయాడు. ఒకరోజు ముహర్రక్‌లో, రిఫాలో, మా దగ్గర ఒకేసారి ఒకే ప్రోగ్రాం నడిచింది. ఎక్కడా నకలు లేదు, ఎక్కడా అతుకు లేదు. ఫుర్ఖాన్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎంత అందంగా ఉందో నీకు చూపించలేను అక్కా అన్నాడు. నాకు ఆ రాతలు అర్థం కాకపోయినా, అతని మొహం చూస్తే అర్థమైంది.

అబూ ఖాలిద్‌కి అందం అక్కర్లేదు. వెనక గదిలో ఒక పెద్ద మిషిను తెచ్చి పెట్టించాడు. దానికి తెర లేదు, కీబోర్డు లేదు, ఎదురుగా కుర్చీ కూడా లేదు. శుక్రవారం అందరూ ఇళ్ళలో ఉన్నప్పుడు వారమంతా పోగైన దరఖాస్తులన్నీ అది చేసేయాలట. ఫుర్ఖాన్ దానికీ ఒక వంటమనిషిని రాశాడు, తెర లేకుండానే పేజీలు తెరిచేవాణ్ణి. మొదటి శుక్రవారం పనిచేయమని వదిలి వెళ్ళాం. శుక్ర, శని సెలవులయ్యాక ఆదివారం వచ్చి చూస్తే వరసలో మొదటి రద్దు దగ్గరే ఆగిపోయి ఉంది. ఫోటో చూపించడానికి తెర లేదు, నొక్కడానికి చెయ్యి లేదు. దాని వెనకనున్న పొడిగింపులన్నీ అలాగే పడి ఉన్నాయి. కొందరి గడువు ఆ సెలవుల్లోనే దాటిపోయింది. కంపెనీలవాళ్ళు వచ్చి కేకలు వేశారు.

అబూ ఖాలిద్ ఫుర్ఖాన్‌ని తన గదిలోకి పిలిచాడు. ఆయన అరిచే మనిషి కాదు. మెత్తగా మాట్లాడతాడు, మాట్లాడుతూ గుమ్మడి గింజలు ఒలుచుకు తింటాడు. ఆ ‘ఆగు’ని తీసేయమన్నాడు. తీసేసిన మరునాడే మదీహా వీసా కాగితం మీద సంతకం పెడతానన్నాడు. "తుమ్ బేటా హై మేరా. బీవీ లావ్. మాఫీ ముష్కిల్" అన్నాడట. నువ్వు నా కొడుకులాంటివాడివి, పెళ్ళాన్ని తెచ్చుకో, ఇబ్బందేం లేదని.

ఫుర్ఖాన్ బయటికి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. సంగతంతా చెప్పాడు.

"తీసేస్తావా?" అన్నాను.

"ఏం జెయ్యాలె అక్కా?"

"ఆ ఫోటో నా కంప్యూటర్‌కి వచ్చేలా పెట్టలేవా? ఆదివారం వచ్చి నేను చూస్తాను. మిగతావి ఆగకుండా పోతాయి కదా."

"పెట్టొచ్చు. అదే అడిగిన. ఆయన వద్దన్నడు. మొఖాలు సూసుడుకు మనిషికి జీతమియ్యాల్నా అన్నడు."

"మరి ముత్యంలాంటివాళ్ళు?"

అతను నా వైపు చూడలేదు. "నువ్వే జెప్పు అక్కా. ఇది ఆగితే వెనకున్నోళ్ళ గడువు దాటిపోతుంది. వాళ్ళు గూడ ముత్యం అసుంటోళ్ళే గద? ఆడ ఊర్ల మదీహా ఉన్నది. ఎన్నేండ్లు ఉంచాలె ఆమెను అక్కడ?"

నాకు కోపం వచ్చింది. వచ్చినా ఏమనగలను? నా మొగుడు నా పక్కనే ఉన్నాడు, వంకాయలు కూడా తెస్తాడు. అతనికి నీతులు చెప్పే హక్కు నాకెక్కడిది అనిపించి తరవాతి దరఖాస్తు తెరిచాను.

రెండు రోజుల తరవాత అయిపోయిందన్నాడు. ‘ఆగు’ని తీసేశావా అంటే, లేదు, పేరు ఉంచానన్నాడు. తీసేస్తే మిగతా వంటమనుషులు చెడిపోతారట, అందరికీ ఒకటే మాట ఉండాలట. "మిగిలిన మిషిన్లల్ల ఆగుతది. ఈ తెరలేని దాంట్ల మాత్రం లోపల ఏం లేదు. ప్రోగ్రాం 'ఆగు' అంటది. మిషిను 'ఆగిన, సూసిన, సరే' అంటది. ముందటికి పోతది."

"అంటే ఆగకుండానే ఆగానంటుంది. చూడకుండానే చూశానంటుంది. దానికి అబద్ధం నేర్పావన్నమాట" అన్నాను.

ఆ మాటకు అతని మొహం నల్లబడింది. "అను అక్కా. నువ్వు గాకుంటే ఎవలంటరు" అన్నాడు. ఆ రోజంతా మేం మాట్లాడుకోలేదు. మర్నాడు పొద్దున నా టేబుల్ మీద టీ పెట్టి ఉంది, నేను తాగాను, మళ్ళీ మామూలైపోయాం. వారం తిరక్కుండా రద్దులన్నీ నా చేతినుంచి తప్పించి వెనక గదిలోకి మార్చేశారు. అబూ ఖాలిద్ తన గదిలోంచే పేర్లు చేర్చేవాడు. నాకు మొహాలు కనిపించడం మానేశాయి.

సంతకం మాత్రం పడలేదు. రేపన్నాడు, వచ్చే వారమన్నాడు, ఇన్షా అల్లా అన్నాడు. ఫుర్ఖాన్ మాత్రం మహూజ్‌లో ఒక గది అద్దెకు తీసేసుకున్నాడు. మేడమీద చిన్న గది, వంటకి మూల, ఒక కిటికీ. బజారుకు వెళ్ళి రైస్ కుక్కర్, రెండు దిండ్లు, పువ్వుల కర్టెన్లు కొన్నాడు. నన్ను తీసుకెళ్ళి చూపించాడు. కిటికీలోంచి చూస్తే ఎదురు బిల్డింగు గోడ తప్ప ఏం కనిపించదు. "సముద్రం కనవడదు గని, శుక్రవారం శుక్రవారం తోల్కపోత" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, జాలేసింది.

ఒకరోజు అబూ ఖాలిద్ తనే పిలిచి, సెలవు మీద వెళ్ళు, వెళ్ళి ఆమెను వెంటపెట్టుకుని రా అన్నాడు. వీసా కాగితం ఫ్యాక్స్ చేస్తానన్నాడు. ఖర్జూరాల డబ్బా ఇచ్చాడు, అత్తరు సీసా ఇచ్చాడు, కౌగిలించుకుని భుజం తట్టాడు. ఆ భుజం తట్టడం గురించి నేను ఎన్నిసార్లు విన్నాను! "తమ్ముడూ, కాగితం చేతికి వచ్చాక వెళ్ళు" అన్నాను.

"నేను ఆయన కంపెనీల కూలోన్ని గాదు అక్కా. ఆయన ప్రోగ్రాం రాసినోన్ని. నేను లేకుంటే అది నడువది" అన్నాడు ఫుర్ఖాన్.

ఎంత తెలివైనవాడైతే ఏం లాభం! అతను లేకుండా నడిచేలా రాసింది అతనే. ఏ కంప్యూటర్‌లో పెట్టినా, ఎవరు పెట్టినా, ఏ వంటమనిషినైనా తగిలించుకుని నడిచేలా నెలలకు నెలలు కూర్చుని రాశాడు. ఆ సంగతి అబూ ఖాలిద్‌కి అర్థమైంది. రాసినవాడికి అర్థం కాలేదు. గది తాళంచెవి నా చేతిలో పెట్టి, "కర్టెన్లు వెయ్యి అక్కా, ఏసీ నడుపు, దుమ్ము లేకుండ జూడు" అని చెప్పి విమానం ఎక్కాడు.

రెండో వారం శుక్రవారం, అక్కడ చర్చి ప్రార్థన కూడా ఆ రోజే కాబట్టి, చర్చి నుంచి నేరుగా మహూజ్ వెళ్ళాను. ముత్యానికి కబురుపెడితే డ్రిల్లు మిషను పట్టుకుని వచ్చాడు. కిటికీ మీద కన్నాలు వేసి కర్టెన్ కడ్డీ బిగించాడు. నేను నేల తుడిచి, కుక్కర్ కడిగి, దిండ్లకు గలీబులు వేశాను. ముత్యం స్టూలు దిగి కర్టెన్లు అటూ ఇటూ జరిపి చూసి, "మంచిగున్నది అక్కా. ఆ సార్ గిన ఆడ ఆగబెట్టకుంటే నేను ఏనాడో పోయేటోన్ని. ఇయ్యాల ఆయనింట్ల మేకు గొడ్తున్న" అన్నాడు. ఇద్దరం టీ కాచుకుని తాగాం. సరిగ్గా ఆ వేళకే, తాళం వేసిన మా ఆఫీసు వెనక గదిలో, ఆ మిషిను పని చేసుకుంటూ ఉంది.

ఆదివారం ఆఫీసుకు వెళ్ళగానే మదీహా దరఖాస్తు ఎంతవరకు వచ్చిందో చూద్దామని వెబ్‌సైట్ తెరిచాను. ఆమె పేరు మీద ఏ దరఖాస్తూ లేదు. ఎప్పుడూ పెట్టలేదు. ఫుర్ఖాన్ నంబరు కొట్టి చూశాను. వీసా రద్దు అని ఉంది. తేదీ శుక్రవారానిది. మళ్ళీ కొట్టాను. అదే వచ్చింది.

అబూ ఖాలిద్ గదిలోకి తోసుకుని వెళ్ళాను. గింజలు తింటున్నాడు. "మషీన్ అచ్ఛా కామ్ కర్తా, విజయా. ఫుర్ఖాన్ ఇధర్ క్యా కరేగా?" అన్నాడు. మిషిను బాగానే నడుస్తోంది, ఇంక ఫుర్ఖాన్ ఇక్కడ చేసేదేముంది అని. కోపం లేదు, సిగ్గు లేదు, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. కొడుకులాంటివాడని అన్నావే అని అరిచాను. "ఖలాస్, ఖలాస్" అన్నాడు చెయ్యి ఊపుతూ. నా నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను, తెలుగులో. ఆయనకి ఒక్కటీ అర్థం కాలేదు, నా కడుపుమంట చల్లారలేదు. బయటికి వచ్చి, మెట్లమీద కూర్చుని ఫోన్ చేశాను.

"అక్కా! సెప్పు అక్కా! ఫ్యాక్స్ జేసిండా?" అన్నాడు ఫుర్ఖాన్. వెనక బజారు చప్పుడు. సూట్‌కేసు కొనడానికి ఇద్దరూ కొట్టుకు వచ్చారట. "మదీహా గూడ ఈడనే ఉన్నది" అన్నాడు.

చెప్పాను. ఎలా చెప్పానో నాకు గుర్తులేదు. అతను నమ్మలేదు, నంబరు తప్పు కొట్టి ఉంటావన్నాడు, మళ్ళీ చూడమన్నాడు. రెండుసార్లు చూశానన్నాను.

"ఎవలు నొక్కిండ్రు అక్కా?" అన్నాడు.

"ఎవరూ నొక్కలేదు తమ్ముడూ. శుక్రవారం రద్దయింది."

శుక్రవారం ఎవరు పనిచేస్తారో అతనికంటే ఎక్కువ ఎవరికి తెలుసు! ఫోన్ కట్టయిందనుకుని హలో హలో అన్నాను. అప్పుడు అడిగాడు, గొంతు బాగా దించి.

"ఏడన్న ఆగిందా అక్కా?"

నేను ఏడ్చేశాను. "లేదు తమ్ముడూ. ఎక్కడా ఆగలేదు" అన్నాను.

అటువైపు మదీహా గొంతు వినిపించింది, సంతోషంగా, కొట్టువాడితో బేరమాడుతూ, మొగుణ్ణి పిలుస్తూ. పెద్దది తీసుకుందామా, చిన్నది తీసుకుందామా అని అడుగుతోంది. ఫుర్ఖాన్ ఫోన్ పక్కకు తీసి, "ఠైరో మదీహా. నక్కో లేవ్" అన్నాడు. ఆగు, కొనకు అని.